దానమ్మ మడి

నంద్యాలలో కట్టుకున్న కొత్తింటి వెనక రెండు సెంట్ల ఖాళీ జాగా. పొద్దున్నే కాఫీ గ్లాసుతో అక్కడ నిలబడితే చాలు, బాలస్వామి మాస్టరు కళ్ల ముందు బీరకాయలు ఊగేవి, లేని పందిరి నీడ ముఖమ్మీద చల్లగా పడేది. కలలో కలుపు మొలవదు కదా! ఆ రోజు మాత్రం కల దిగి పార పట్టాడు.

ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. మట్టి గుట్టగా ఎత్తి మడి కట్టి, అనప చిక్కుడు విత్తనాలు నాటాడు. ఆళ్లగడ్డలో ఉండే పెద్దమ్మ దానమ్మ ఇచ్చిన ఆఖరి గుప్పెడు అవి. ఆ పాతరకం ఇంకెవరి దగ్గరా లేదు. ఇవి మొలవకపోతే వంశం అంతరించినట్టే. తీగ పాకడానికి ఒక చివర కర్ర పాతి, అడ్డంగా ఇంకో కర్ర కట్టాడు. విత్తనమిచ్చినవాళ్ల పేరు పెట్టడం న్యాయమనుకుని, నల్లబల్ల మీద రాసినంత పెద్ద అక్షరాలతో అట్ట మీద 'దానమ్మ' అని, కింద నాటిన తేదీ రాసి తగిలించాడు.

పక్కింటి మిద్దె మీద బట్టలారేస్తున్న శారదమ్మ చూసింది. మట్టిగుట్ట, సిలువ, పేరు, తేదీ! గబగబా దిగి మొగుడితో చెప్పింది.

"ఏమయ్యా, మొన్న కొత్తింటి ప్రార్థనకొచ్చిన ఆళ్లగడ్డ పెద్దామె పోయిందంట! ఇంటెనకే పూడ్చినారు!"

మొగుడు మాధవయ్య ఆళ్లగడ్డలో అంగడి నడిపే బావమరిదికి ఫోన్ చేశాడు. ఆయన దానమ్మ ఇంటికి పోయి చూస్తే తాళం. తోట చూద్దామని ఆమె తెల్లారి బస్సుకే బయల్దేరి, నంద్యాల సంతలో వంకాయ నారు బేరమాడుతోందని ఆ ఊళ్లో ఎవరికి తెలుసు?

ఆ తాళంతో చావు ఖాయమైపోయి, మధ్యాహ్నానికి ఆళ్లగడ్డ నుంచి రెండు టెంపోల జనం దిగారు. ముందు దానమ్మ చెల్లెలు కృపమ్మ, వెనక వాళ్ల పాస్టరుగారు.

"మా యక్క మొగం గూడా చూడనీకుండా పూడ్చేస్తావేందిరా?"

"చిన్నమ్మా, అది మడి!"

"మన ఇండ్లల్లో మడేందిరా? దుఃఖంలో మతి పోయినట్టుండాది!"

ఆచారం ప్రకారం తలా గుప్పెడు మన్ను వేయసాగారు. మాస్టరు చేతులడ్డం పెట్టాడు.

"వద్దు! లోపల ప్రాణముండాది!"

"ప్రాణం పరలోకంలో ఉండాది నాయనా," అని పాస్టరుగారు ఓదార్చి, ఇంకో గుప్పెడు వేశారు.

అప్పుడే గేటు దగ్గర నారుకట్టతో దానమ్మ.

"ఏందప్పా ఇంతమంది? కూలీలను పెట్టి సేద్యం చేస్తాండావా?"

కృపమ్మ పూలదండ జారవిడిచింది. సమాధి అనుకున్న జనానికి మాస్టరు సమాధానం చెప్పాడు: కర్ర తీగకు, పేరు విత్తనానికి, తేదీ నాటినరోజుకు అని. మళ్లీ మిద్దెక్కి చూస్తున్న శారదమ్మ అక్కణ్నుంచి మాయమైంది.

దానమ్మ గుట్టను చూసింది.

"నన్ను పూడిస్తే పూడ్చినారు, నా అనపను పూడ్చనీకి మీరెవురు? గింజ మీద వేలెడు మన్నే ఉండల్ల! ఎవురేసిన మన్ను వాళ్లే తీయండి!"

తెల్లబట్టల బంధువులంతా గొంతుక్కూచుని పిడికెడు పిడికెడు తీశారు. కింద గింజలు చెక్కుచెదరలేదు. పాస్టరుగారు మాత్రం ఒక కాగితాన్ని గుట్టుగా జేబులోకి తోస్తున్నారు.

"ఏందయ్యగారూ అది?"

"నీ గురించి నాలుగు మంచి మాటలమ్మా."

"అయితే చదవండి. బతికుండంగా ఒక్కడూ చెప్పలా," అంటూ దానమ్మ కుర్చీ లాక్కుంది.

పాస్టరుగారు అరగంట చదివారు. రెండుచోట్ల ఆమె ఆపి దిద్దింది.