అంజి సర్వే, ఇస్తారి ఓటు

గల్ఫు దేశంలోని మబేలా తెలుగు కార్మిక సమితి అధ్యక్ష ఎన్నికల్లో ప్రజాభిప్రాయ సేకరణ అత్యంత శాస్త్రీయంగా జరిగిందని ఇందుమూలంగా తెలియజేయడమైనది. సేకరించినవాడు ఫోర్‌మన్ అంజి. పోటీ చేస్తున్నవాడు అతనికి జీతమిచ్చే కాంట్రాక్టరు రఘుపతి. సేకరించిన చోటు సైటుకు పోయే కంపెనీ బస్సు. ఒక చేత సర్వే కాగితం, మరో చేత ఓవర్‌టైము జాబితా పట్టుకుని అంజి అందరినీ స్వేచ్ఛగా మాట్లాడమన్నాడు. ఒకరి రహస్యం మరొకరి రహస్యంతో కలిసిపోకుండా పేరు, రూమ్ నంబరు రాసుకున్నాడు.

ఆ బస్సులోనే ఇస్తారి ఉన్నాడు. ఎండాకాలంలో పరంజా మీంచి పడి నడుము పాడుచేసుకున్నవాడు. ఆనాడు అతన్ని తన కారులో ఆసుపత్రికి చేర్చింది నర్సు కృపాబాయి. సమితివారు మర్నాడొచ్చి ఫొటో దిగి వెళ్లారు. ఇప్పుడు కృపాబాయి కూడా పోటీలో ఉంది. గెలిస్తే కంపెనీతో మాట్లాడి అతన్ని వైద్యానికి ఇంటికి పంపిస్తానంది. తన నడుము ఒక ఎన్నికల వాగ్దానమైనందుకు ఇస్తారికి కళ్లనీళ్లు తిరిగాయి. ఓటు ఆ తల్లికేనని ఆ క్షణమే నిశ్చయించుకున్నాడు.

అంజి అతని సీటు దగ్గర ఆగాడు. "నీ ఇష్టమున్నట్టు చెప్పు ఇస్తారీ. రేపు నిన్ను ఏ పనిల వెట్టాల్నో గూడ ఇప్పుడే రాస్తున్న."

"రఘుపతి సారుకే అంజన్నా. ఇంకెవలున్నరు?"

నూటికి తొంభై ఎనిమిది మంది అదే అన్నారు. మిగిలిన ఇద్దరిలో ఒకడికి పన్నునొప్పి, ఒకడు నిద్రలో ఉన్నాడు. వాళ్లను తటస్థులుగా నమోదు చేశారు. కృపాబాయికి సున్నా.

ఆ సాయంత్రం క్యాంపులో సర్వే ఫలితం చదివాక రఘుపతి వినమ్రంగా మైకు అందుకున్నాడు. "ఇది నా గొప్పతనం కాదు, ప్రజాభిప్రాయం. ప్రజాభిప్రాయాన్ని ప్రజలే ధిక్కరించడం ప్రజాస్వామ్యానికి క్షేమం కాదని మనవి."

ఇస్తారి నివ్వెరపోయాడు. తానైతే భయపడి అబద్ధమాడాడు, తక్కినవాళ్లంతా మనసారా రఘుపతి మనుషులేనన్నమాట.

శుక్రవారం పోలింగు. ఓటు వేసే చోట పరదా కట్టారు. అక్కడ అంజి లేడు, జాబితా లేదు. ఇస్తారి ముద్ర పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. ఎలాగూ ఓడిపోయే అమ్మకు వేసి ఓటును బూడిదలో పోసిన పన్నీరు చేసుకోవడమెందుకు? నలుగురితో నారాయణ అనుకుని రఘుపతి గుర్తు మీదే గుద్దాడు. ఆ పరదా వెనక్కి వెళ్లిన ప్రతి తెలివైనవాడూ అచ్చం ఇలాగే ఆలోచించాడు. అంజి సర్వే అక్షరాలా నిజమైంది. కృపాబాయికి ఒకే ఒక్క ఓటు పడింది. సర్వేలో సున్నా అని చెప్పి ఒకటి రావడం పట్ల సమితి విచారం వ్యక్తం చేసింది.

పై శుక్రవారం కృపాబాయి ఎప్పట్లాగే బీపీ మిషను పట్టుకుని క్యాంపుకొచ్చింది. ఇస్తారి నడుము పట్టుకుంటూ వచ్చి చొక్కా చేయి మడిచాడు.

"అమ్మా, నేనైతే నీకే ఏసిన," అన్నాడు మెల్లగా.

వెనక వరుసలోని వాళ్లు కూడా ఒక్కొక్కరే వచ్చి, పక్కవాడికి వినబడకుండా అదే మాట చెప్పారు. ఆ ఒక్క ఓటు తాను వేసుకున్నదేనని కృపాబాయికి తెలుసు.

"అలాగే బాబూ. కదలకుండా కూర్చోండి," అని మాత్రం అంది.

అంత అబద్ధమాడినా ఒక్కడికీ బీపీ రవ్వంత పెరగలేదు. అందరిదీ నార్మలే. మనదీ అంతే ఉంటుంది, చూపించుకోనక్కర్లేదు.