డ్రమ్ములాయన పావలా వాటా

ఆ ఇంట్లో ఉన్నవి రెండు గదులు, ఒక వంటిల్లు. ఒక గదిలో భార్యాభర్తలు కాపురముంటే, రెండో గదిలో డ్రమ్ములు కాపురముంటున్నాయి. భార్య కుట్టుమిషను మాత్రం వంటింట్లో స్టవ్వు పక్కన తలదాచుకుంది. ఆవిడ దగ్గర గౌను కుట్టించుకున్న వాళ్ళకి ఉల్లిపాయ వాసన ఉచితం.

భర్త ఒక బ్యాండులో డ్రమ్ములు వాయిస్తాడు. తోటివాళ్ళు అతన్ని ముద్దుగా దంచుడు అంటారు. అతను వాయించడం విన్నవాళ్ళెవరూ ఆ పేరెందుకొచ్చిందని అడగలేదు.

"ఏవండీ, శనివారం కేఫ్‌లో ప్రోగ్రాంకి డబ్బులు తెస్తారా, పోయినసారిలా చప్పట్లు తెస్తారా?" అంది భార్య, చేతిలో కత్తెర ఆడిస్తూ.

"చప్పట్లంటే కళాకారుడికి..."

"ఇంటి ఓనరు చప్పట్లు తీసుకుంటాడేమో కనుక్కు రండి. ఈసారి ఆ గది అద్దెకి సరిపడా తేకపోతే డ్రమ్ములు బయటికి, నా మిషను లోపలికి."

"తెస్తే?"

"తెస్తే జన్మలో ఆ గది ఊసెత్తను."

ఆ డ్రమ్ములంటే దంచుడికి ప్రాణం. కేఫ్ యజమాని ప్రోగ్రాంకింతని ఇచ్చే కట్టుడు డబ్బులు బ్యాండులో ముగ్గురూ పంచుకుంటే గది అద్దెలో గుమ్మం వరకే వస్తాయి. అందుకని ఎవరికీ చెప్పకుండా యజమాని దగ్గరికెళ్ళి బేరం మార్చేశాడు.

"మాకు కట్టుడు డబ్బులొద్దండీ. ఆ పూట మీ కౌంటర్లో అమ్మిన కూల్‌డ్రింకుల మీద పావలా వాటా ఇవ్వండి చాలు."

యజమాని వెంటనే చెయ్యి కలిపాడు. అంత తొందరగా ఒప్పుకుంటే ఎవరికైనా అనుమానం రావాలి. దంచుడికి ఆనందం వచ్చింది.

"జనం బాగా తాగాలిగా మరి?" అంది భార్య, విషయం విని.

"తాగుతారు. దాహం పుట్టించడం కూడా ఒక కళే."

"మీ వాళ్ళిద్దరికీ చెప్పారా?"

"డబ్బులు చేతిలో పడ్డాక చూసి నోళ్ళు వెళ్ళబెడతారు. సర్‌ప్రైజ్!"

ఆవిడ మళ్ళీ కత్తెర అందుకుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా, ఆవిడ ఊరుకుంటే భయపడాలని అతను నేర్చుకోలేదు.

శనివారం సాయంత్రం అందరికన్నా ముందే కేఫ్‌కి చేరాడు. హాల్లో ఫ్యాన్లన్నీ ఆపేసి, మళ్ళీ ఎవరూ వెయ్యకుండా రెగ్యులేటర్ల నాబులు పీకి ప్యాంటు జేబులో వేసుకున్నాడు.

మొదటి పాటకి జనం ముఖాలు తుడుచుకున్నారు. రెండో పాటకి కౌంటరు ముందు తోపులాట మొదలైంది. మూలనుంచి చూస్తూ దంచుడు మనసులోనే తన గదికి రంగులు వేయించేశాడు.

మూడో పాటకి ఉక్క అతన్నే పట్టుకుంది. గిటారిస్టు కిటికీ పక్కన హాయిగా నిలబడ్డాడు. మైకాసురుడని పేరుపడ్డ గాయకుడు మైకు పట్టుకుని గుమ్మం దాకా షికారు చేస్తున్నాడు. కాళ్ళూ చేతులూ ఏకంగా ఆడించాల్సినవాడు, గాలి చొరని మూల గోడకి ఆనుకుని కూర్చున్నవాడు దంచుడొక్కడే.

డ్రమ్ము పుల్ల పైకెత్తి వెయిటర్‌కి సైగ చేశాడు. సోడా వచ్చింది. మళ్ళీ సైగ చేస్తే జ్యూసు వచ్చింది. తర్వాత్తర్వాత సైగ అక్కర్లేకుండానే వచ్చాయి. బ్యాండువాళ్ళకి ఎప్పుడూ ఉచితమే కదా అన్న ధీమాతో గ్లాసు మీద గ్లాసు ఖాళీ చేశాడు.

ఆరో పాట మధ్యలో చెమట కంట్లోకి దిగింది. జేబులోంచి చేతిరుమాలు లాగాడు. దానితోపాటే నాబులన్నీ బిలబిలా డ్రమ్ము మీద పడ్డాయి. ఒకటి పళ్ళెంలాంటి ఇత్తడి తాళానికి తగిలి టింగుమంది. పాట ఆగిపోయింది.

యజమాని వచ్చి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "ఏంటయ్యా ఇవి?"

"డ్రమ్ముల స్పేరు పార్టులండీ."

"నా గోడకుండేవాటిలాగే ఉన్నాయే!"

ఆ పూట ప్రోగ్రాం మొత్తం మీద జనం గట్టిగా చప్పట్లు కొట్టింది దానికే. ఫ్యాన్లు తిరిగాయి. ఆ తర్వాత కౌంటరు వైపు ఒక్కరూ చూడలేదు.

ప్రోగ్రాం అయ్యాక యజమాని గాయకుడికీ గిటారిస్టుకీ చెరో కవరు ఇచ్చాడు.

"వాటా డబ్బులకి కవర్లెందుకండీ?" అన్నాడు దంచుడు.

"మాది కట్టుడే అన్నా," అన్నాడు మైకాసురుడు. "వదిన మొన్ననే మాకు సంగతి చెప్పి, ఈ కేఫ్ ఓనరుగారితో మాట్లాడేసింది. నీ ఒక్కడికీ వాటా ఉంచమంది. నీకదే ఇష్టమటగా!"

యజమాని దంచుడి భాగం లెక్కపెట్టి బల్లమీద పెట్టాడు. కాస్త ఘనంగానే ఉంది. దంచుడు చెయ్యి చాపేలోగా అందులోంచి నోట్లు ఒక్కొక్కటే వెనక్కి తీసుకోసాగాడు.

"ఇవి నువ్వు తాగిన సోడాలు. ఇవి జ్యూసులు."

"బ్యాండుకి ఫ్రీ కదండీ!"

"కట్టుడు డబ్బులవాళ్ళకి ఫ్రీ. నువ్వు వ్యాపారంలో భాగస్తుడివి బాబూ. భాగస్తుడు సరుకు తాగేస్తే ఎలా?"

చివరికి చేతికొచ్చింది చిల్లర. కౌంటరుకి ఆ పూట వచ్చిన పెద్ద గిరాకీ తనే అని అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే దంచుడు డ్రమ్ములు ఒక్కొక్కటే వంటింట్లోకి మోశాడు. పెద్ద డ్రమ్ము స్టవ్వు పక్కన దించేటప్పుడు నిజంగానే కళ్ళు చెమర్చాయి. నేరం ఉల్లిపాయల మీదికి నెట్టేశాడు.

"వాళ్ళిద్దరికీ బేరం మాట్లాడావు. కట్టుకున్నవాణ్ణి, నాకు మాట్లాడలేకపోయావా?"

"వాళ్ళు అడిగారు. మీరు దాహం పుట్టిస్తానన్నారు."

ఆవిడ మిషను కొత్త గదిలో కిటికీ కింద పెట్టుకుని, తృప్తిగా చక్రం తిప్పి చూసుకుంది. దంచుడు గుమ్మంలో నిలబడి నసిగాడు.

"వచ్చేసారి నాక్కూడా నువ్వే మాట్లాడి పెట్టవే."

"పెడతా. ఊరికే కాదు మరి."

దంచుడి ముఖం వెలిగింది. "ఊరికే ఎందుకు! నాకొచ్చేదాంట్లో పావలా వాటా ఇస్తా."

భార్య సూదిలోకి దారమెక్కిస్తూ తలైనా ఎత్తలేదు.

"వాటాలు నాకొద్దు. నాకు కట్టుడే. అదీ ముందే."