మాజీ అధ్యక్షుడి పడవ ఇంజను

పడవ ఉంది, ఇంజను లేదు. టైము పది. నామినేషన్ల గడువు పన్నెండింటికి. దీవి మండలి కార్యాలయం నీళ్ళకు అవతలి ఒడ్డున ఉంది. పదకొండు దాటితే పోటు తగ్గి ఏ పడవైనా ఇసుకలో కూలబడుతుంది.

తెబానో బెదరలేదు. ఆ చిన్న దీవుల దేశానికి రెండున్నరేళ్ళు అధ్యక్షుడిగా చేసినవాడు. ఒకే ఒక్క ఓటు తేడాతో అవిశ్వాసంలో దిగిపోయి మూడేళ్ళయింది. ఆ కుట్ర ఎవరిదో తేల్చడానికే మళ్ళీ పార్లమెంటు సీటుకు నిలబడుతున్నాడు. ఇంజను మాయం చేసిందీ ఆ ముఠాయేనని అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు.

"దొంగ పేరు సాయంత్రం మనేబాలో, ఊరి సభా మందిరంలో, అందరి ముందూ చెప్పిస్తాను," అన్నాడు ఒడ్డున చేరిన ఊరివాళ్ళతో.

"ఎందుకులెండి," అంది భార్య అకెరా, చేపలు తోముతూ. "పోయిందేదో పోయింది."

తెబానో సైకిలెక్కాడు. ఇంజనును చర్చి పాటల బృందం పెద్ద బ్వేనా మోయించుకుపోయిందని దారిలోనే తెలిసింది. ఆమె దాచలేదు. విందుకు చేపలు పట్టాలని, దీవి ఆచారం ప్రకారం బుబుసి అడిగి తీసుకున్నానంది. నలుగురి ముందు బుబుసి అడిగితే కాదన్నవాడు ఊళ్ళో తలెత్తుకోలేడు కాబట్టి అది దొంగతనం కాదు. ఇచ్చిందెవరంటే మాత్రం తల దించుకుని, పెద్దల పేరు తన నోట రాదంది. ఆ తర్వాత నర్సు అడిగితే ఆమెకిచ్చేసిందట. అంతా చెప్పి, ఎలాగూ వచ్చారు కదా అని ఆ సైకిలు అడిగింది. తెబానో దిగాడు.

నర్సు ఆ ఇంజనును ఇయబేటాకు ఇచ్చేసిందట. తెబానో వేసుకున్న పూల చొక్కా తన భర్తకు నప్పుతుందని కూడా అంది. చొక్కా విప్పాడు.

ఇయబేటా అకెరా తమ్ముడు. అదే సీటుకు నామినేషన్ వేయబోతున్నవాడు. తెబానో రొప్పుతూ చేరేసరికి ఇంజను అతని పడవకు బిగించి ఉంది, తాడు సగం విప్పి ఉంది. ఒకరి చేతికి పోయినదాన్ని వెనక్కి అడగడమంత సిగ్గు ఇంకోటి లేదు. కానీ అధ్యక్షుడిగా చేసినవాడికి దారులు తోచకపోవు.

"ఇయబేటా, నీ పడవలో చోటు అడుగుతున్నాను. బుబుసి."

"ఎక్కు బావా, దానికి అడగాలా?"

పడవలో కొబ్బరికాయల మధ్య ఇద్దరు ముసలమ్మలు కూర్చుని ఉన్నారు. సాక్షులు! సగం దూరం వెళ్ళాక తెబానోకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. చోటు ఇచ్చినవాడు సీటు మాత్రం ఇవ్వడా? గొంతు సవరించుకున్నాడు. పీఠిక లేకుండా ఏదీ అడిగి ఎరగడు. తాతల స్నేహంతో మొదలుపెట్టి, స్వాతంత్ర్యం దాకా వచ్చాడు. అక్కడ ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడు.

"బావా, ఈసారి సీటు నాకు వదిలేయ్," అన్నాడు ఇయబేటా. "బుబుసి."

ముసలమ్మలిద్దరూ నమలడం ఆపి తెబానో వైపు చూశారు. తెబానో నీళ్ళ వైపు చూశాడు. పన్నెండుకు పది నిమిషాలుండగా, ఇయబేటా పత్రంలో ప్రతిపాదించేవారి గడిలో మాజీ అధ్యక్షుడి సంతకం పడింది.

సాయంత్రం మనేబా కిక్కిరిసింది. తెబానో చొక్కా లేకుండానే తన వంశానికి కేటాయించిన చోట కూర్చుని, ఇంజను దొంగ పేరు చెప్పమన్నాడు. బ్వేనా చాప పోగులు పీకుతూ కూర్చుంది.

"పేరు అడుగుతున్నాను," అన్నాడు తెబానో. "బుబుసి."

ఇక కాదనడానికి లేదు. అకెరా నిట్టూర్చింది.

"ఇచ్చింది మీరే. శుక్రవారం ఇక్కడే, నాదంతా మీదేనని ఉపన్యాసం ఇస్తుంటే బ్వేనా అడిగింది. వెనక్కి తిరగకుండానే తీసుకుపొమ్మన్నారు."

తెబానో చాప మీద ముందుకు జరిగాడు. "సరే, ఇంజను సంగతి పోనీ. ఆ ఒక్క ఓటు కుట్ర ఎవరిది?"

"ఓటింగు రోజు మీ పార్టీవాడొకడు సభకు రాలేదు, గుర్తుందా? మేనకోడలి పెళ్ళికని అంతకుముందు రోజు అధ్యక్షుడి కారు బుబుసి అడిగి వెళ్ళాడు. ఇచ్చినాయన పేరు తెబానో."

ఒక్క వ్యతిరేక ఓటైనా పడకుండా ఆయన విషయంలో ఏ సభైనా ఒప్పుకున్నది, ఆ సాయంత్రం మనేబాలో ఆ ఒక్క మాటే.