మెచ్చుకుంటే ఇచ్చేసే ఇల్లు

ఆ ఉదయం టూరిస్టు గైడు హారిబ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చెక్ దేశం నుంచి ఒమన్ చూడ్డానికి వచ్చిన దంపతులకు నిజ్వా కోట చూపించాలి, దారిలో అక్క నస్రా ఇంట్లో ఖర్జూరాలూ కాఫీ ఇప్పించాలి, ఎండ ముదరకముందే హోటల్లో దింపేయాలి. అయితే అతను నిద్ర లేవడమే కోపంతో లేచాడు. కిందటివారం అతను తీసుకొచ్చిన పర్యాటకుడొకడు ఎవరింటి పెరట్లోకో చొరబడి, బట్టలారేస్తున్న ఆడవాళ్ళను ఫొటో తీశాడు. వీధి పెద్దలు ఆ పర్యాటకుణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అతిథి కదా! హారిబ్‌ను మాత్రం నడివీధిలో నిలబెట్టి కడిగేశారు.

అందుకే ఈసారి వ్యాన్ ఎక్కించగానే మొదలుపెట్టాడు.

"ఆడవాళ్ళని ఫొటో తీయొద్దు. తీయనా అని అడగనూ వద్దు! భుజాలు కప్పుకోండి. చెప్పులు గుమ్మం బయట. తినేది కుడిచేత్తోనే. ఇంటివాళ్ళు ఏదిచ్చినా కాదనకూడదు, కాదంటే మొహాన కొట్టినట్టే! ఇంటిని చూసి ఓ మంచి మాట అనండి. అర్థమైందా?"

"అర్థమైంది హారిబ్ గారూ," అంది ఇవోనా బుద్ధిగా. ఆమె భర్త లుడెక్ తలూపాడు.

అరిచే హడావుడిలో హారిబ్ రెండు సంగతులు చెప్పడం మరిచిపోయాడు. కాఫీ చాలనుకుంటే ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. ఇంట్లో ఏ వస్తువునూ మరీ మెచ్చుకోకూడదు. మెచ్చుకుంటే ఇంటివాళ్ళు దాన్ని చేతిలో పెట్టేస్తారు.

నస్రా ఇంటి గుమ్మంలోనే బావ హుమైద్ ఎదురొచ్చి అతిథులను ముందు గదిలో కూర్చోబెట్టాడు. నస్రా యాలకుల కాఫీ పోసింది. లుడెక్ తాగి కప్పు చాపాడు. ఆమె మళ్ళీ పోసింది. అతను మళ్ళీ చాపాడు. చివరికి లుడెక్ నుదుటి మీద చెమట పట్టింది, నస్రా కాఫీ కూజా అడుగంటింది.

"ఒరేయ్ హారిబ్," అందామె పక్కకు తిరిగి, "ఈయన కాఫీ తాగడానికొచ్చాడా, నన్ను చంపడానికొచ్చాడా? సాయంత్రం పెళ్ళి పెట్టుకుని నాకిదేం పని?"

హారిబ్ లుడెక్ చెవిలో బుసకొట్టాడు. "కప్పు ఊపవయ్యా బాబూ!"

లుడెక్ కంగారుపడి నిండు కప్పునే ఊపాడు. కాఫీ కొత్త తివాచీ మీద పడింది.

ఆ సిగ్గు కప్పిపుచ్చడానికి ఇవోనా గబగబా ఓ మంచి మాట కోసం వెతుక్కుంది. మూలనున్న వెండి ధూపపాత్రను చూపించి, "ఎంత అందంగా ఉందో!" అంది. హారిబ్ నోరు విప్పకముందే హుమైద్ లేచి ధూపపాత్రను ఆమె ఒళ్ళో పెట్టాడు. కాదనకూడదు కదా, ఆమె పుచ్చుకుంది. ఆ సంతోషంలో పన్నీరు బుడ్డిని కూడా మెచ్చుకుంది. అదీ వచ్చింది.

"ఆ బుడ్డి మా అత్తగారిదిరా," అంది నస్రా, మొహాన నవ్వు చెదరకుండా పళ్ళ బిగువున. "ఈవిడ నోరు మూయిస్తావా, నన్ను మూయించమంటావా?"

అంతలో ఇవోనా చూపు దిండు మీదున్న ఖంజర్ మీద పడింది. వెండి ఒరలోని ఆ వంపు కత్తి హుమైద్ తాతగారిది. సాయంత్రం తమ్ముడి కొడుకు పెళ్ళికి నడుముకు కట్టుకోవాలని తుడిచి పెట్టుకున్నాడు. ఇవోనా గుండెల మీద చేతులు వేసుకుని ఏదో అంది.

"ఏమంటోంది?" అడిగాడు హుమైద్.

హారిబ్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. "ఏం లేదు బావా. బాగా పాతదైపోయింది అంటోంది."

"పాతదా?" హుమైద్ గడ్డం అదిరింది. "మా తాత కత్తిని పట్టుకుని పాతదంటుందా? దగ్గర పెట్టుకుని సరిగ్గా చూడమను!"

కత్తి తీసుకెళ్ళి ఆమె చేతుల్లో పెట్టాడు. ఇవోనా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాన్ని గుండెకు హత్తుకుని, తల వంచి, భద్రంగా సంచిలో దాచుకుంది.

అతిథి చేతిలో పెట్టినదాన్ని వెనక్కి అడగడం హుమైద్ వంశంలోనే లేదు.

హారిబ్ ఇక ఆగలేకపోయాడు. "సిగ్గులేదా మీకు? ఇల్లంతా ఊడ్చుకుపోతారా? తియ్యండి బయటికి!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

హుమైద్ నెమ్మదిగా లేచాడు. "నా ఇంట్లో, నా అతిథుల మీద గొంతెత్తుతావా?"

"నీ కత్తి కోసమే కదా బావా..."

"కత్తి నాది. ఇల్లు నాది. నువ్వు బయటికి నడు."

హారిబ్ గుమ్మం అవతల, ఎండలో, అందరి చెప్పుల మధ్య నిలబడ్డాడు. చెవులు మండిపోతున్నాయి. ఊరందరికీ మర్యాద నేర్పేవాణ్ణి మర్యాద లేదని గెంటేశారు! పోనీ వ్యాన్ తీసుకుని వెళ్ళిపోదామంటే లోపలివాళ్ళ మాటలు ఒకరివి ఒకరికి చెప్పేందుకు అతను తప్ప దిక్కులేదు.

నస్రా గుమ్మం దాకా వచ్చింది. "ఇప్పుడు నేనన్నది అన్నట్టే చెప్పు. ఒక్క ముక్క మార్చావో, సాయంత్రం పెళ్ళి పందిట్లో అడుగు పెట్టనివ్వను."

వెళ్ళి ఇవోనా పక్కన కూర్చుంది. సంచిలోంచి తొంగిచూస్తున్న పిడిని చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అబ్బ, నీ కత్తి ఎంత బాగుందమ్మా! నా జన్మలో ఇంత చక్కనిది చూడలేదు."

హారిబ్ ఎండలోంచి ఉన్నదున్నట్టు చెప్పాడు.

ఇవోనా భర్త వంక చూసింది. ఈ ఇంట్లో మెచ్చుకున్న వస్తువుకు ఏం చెయ్యాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు, కానీ పొద్దుటినుంచీ కళ్ళారా చూస్తోంది. లేచి నిలబడి, రెండు చేతులతో ఖంజర్ తీసి నస్రా ఒళ్ళో పెట్టింది. ఆమె మొహం గర్వంతో వెలిగిపోయింది. నస్రా పన్నీరు బుడ్డినీ మెచ్చుకుని తీసుకుంది. ధూపపాత్రను మాత్రం చూడనట్టే ఊరుకుంది.

హుమైద్ గుండెల నిండా గాలి పీల్చుకుని, అతిథులు భోంచేస్తేగాని కదలడానికి వీల్లేదన్నాడు. హారిబ్‌ను ఎవరూ లోపలికి పిలవలేదు.

ఎండ బాగా ముదిరాక అతను వాళ్ళను వ్యాన్‌లో వెనక్కి తీసుకెళ్ళాడు. హోటల్ ముందు దిగుతూ ఇవోనా అతని తల వైపు చూసి నవ్వింది. "హారిబ్ గారూ, ఆ కుట్టుపని టోపీ మీకెంత బాగుందో!"

హారిబ్ ఇల్లు చేరేసరికి నెత్తి మీద టోపీ లేదు.