పాత పైథాన్‌కు వారసుడు

కోల్‌బెల్ట్ డిజిటల్ ఏకీకరణ మండలికి నర్సింగం గారు చైర్మన్ అయ్యేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: గోదావరిఖనిలో నట్లు, బోల్టులు, పంపు సామాను అమ్మే ఒక కొట్టు, మండలి ఆఫీసుకు అద్దెకిచ్చిన కంప్యూటర్లు, ఎవరు పదవిలోకి వచ్చినా దండ వేయగలిగే మంచి మనసు. ఇంత చిన్న పెట్టుబడితో ప్రజాసేవలో ఎంత దూరం వెళ్లవచ్చో పాఠకులకు తెలియాలని ఇది రాస్తున్నాను.

కుర్చీలో కూర్చున్న మర్నాడే చైర్మన్ గారు విలేకరులను పిలిచి చారిత్రక ప్రకటన చేశారు.

"నస్పూర్ కాన్నుంచి రామగిరి దాక, ఇగ ఒకే బెల్టు, ఒకే వెర్షన్."

అందరూ చప్పట్లు కొట్టారు. ఒక విలేకరి మాత్రం, "దేని వెర్షన్ సార్?" అన్నాడు.

"అన్నిటిది" అన్నారు చైర్మన్ గారు. ఇంత సూటి జవాబు నేను ఏ నాయకుడి నోటా వినలేదు.

ఆ మధ్యాహ్నం పాడైన మౌస్ మార్చడానికి మండలి ఆఫీసుకు వెళ్లాను. అక్కడ సారవ్వ బల్ల మీద కూర్చుని ఉంది. ఆమె భర్త గనిలో పనిచేసి పోయాడు. ఆయన పేరు మీద వచ్చే పింఛనుతోనే ఆమె బియ్యం, షుగరు మందులు. ఏటా ఒకసారి వేలిముద్ర వేసి, తాను బతికే ఉన్నానని కంప్యూటర్ చేత ఒప్పించాలి. ఈ నెలాఖరులోగా ఒప్పించకపోతే పింఛను ఆగిపోతుంది.

ఆమె వేలు పెట్టబోతుండగా చైర్మన్ గారు లోపలికి వచ్చారు. కాంట్రాక్టు మీద కంప్యూటర్లు చూసే ఎవాంజెలిన్‌ను అడిగారు.

"ఇందుల ఎన్ని వెర్షన్లున్నయ్ బిడ్డా?"

"రెండు సార్. మన ప్రోగ్రాములన్నీ పైథాన్ అనే భాషల రాసినయి. పింఛన్ ప్యాకేజీ పాత పైథాన్‌తోనే నడుస్తది. హాజరు ప్యాకేజీకి కొత్త పైథాన్ కావాలె. దేనిది దానికి వేరే జాగల పెట్టిన. కొట్లాట లేదు."

నా కొట్టులో అంగుళాల బోల్టులకు ఒక డబ్బా, మిల్లీమీటర్ల బోల్టులకు ఒక డబ్బా ఉంటాయి. కొత్త కొలత వచ్చిందని పాత డబ్బా పారబోస్తే పాత పంపులవాళ్లు నన్ను కొడతారు. కాబట్టి ఆమె చెప్పినదాంట్లో నాకు వింతేమీ కనిపించలేదు. అందుకే నేను చైర్మన్‌ను కాలేకపోయాను.

"ఒక్క ఒరల రెండు కత్తులు ఇముడుతయా?" అన్నారాయన. "పాతదాని సర్వీసెంత?"

"2010ల వచ్చింది సార్. తయారు చేసినోళ్లు 2020లనే దాన్ని చూసుడు బంద్ పెట్టిన్రు."

"అంటే రిటైరైనంక గూడ డ్యూటీ చేస్తున్నది. దీని ఓవర్‌టైం ఎవడు సాంక్షన్ చేసిండు?"

చైర్మన్ గారు అప్పటికప్పుడే పాతదాన్ని ఇంటికి పంపమన్నారు.

కబురు తెలిసి యూనియన్ నాయకుడు బుచ్చన్న పరుగున వచ్చాడు. వ్యతిరేకించడానికి కాదు, పద్ధతి చెప్పడానికి.

"రిటైర్‌మెంట్ ఇస్తే ఏమొస్తది అన్నా? మెడికల్ అన్‌ఫిట్ చెయ్యాలె. గప్పుడే వారసునికి నౌకరి వస్తది. మన గనులల్ల ఎవలకు తెల్వదు ఇది?"

"మిషిన్‌ల ఉన్నదానికి వారసుడా?" అన్నారు చైర్మన్ గారు.

"డ్యూటీ చేసిందా, లేదా?"

చైర్మన్ గారు న్యాయానికి తలవంచే మనిషి. వెంటనే మండలి తరఫున ఒక మెడికల్ బోర్డు వేశారు. పార్టీ డాక్టరు వచ్చి సీపీయూ విప్పించాడు. లోపల బొగ్గు దుమ్ము పేరుకుని ఉంది. మా ఊళ్లో ఏ డబ్బా విప్పినా అంతే ఉంటుంది.

"ఊపిరితిత్తులకు పట్టింది" అన్నాడు డాక్టరు. "ఈ ఆయాసం ఎప్పటి సంది?"

"అది ఫ్యాను చప్పుడు సార్" అంది ఎవాంజెలిన్. "కొత్తది గూడ ఇదే డబ్బాల ఉన్నది."

"అది వయసుల ఉన్నది, తట్టుకుంటది." డాక్టరు అన్‌ఫిట్ అని సంతకం చేశాడు.

ఇక వారసుడి వెతుకులాట. వరసకు కొడుకు కొత్త వెర్షనే. కాని అది ఇప్పటికే హాజరు విభాగంలో కొలువు చేస్తోంది, రూలు ఒప్పుకోదు. తరువాతి దగ్గరి బంధువు ఎవరని బోర్డు చాలాసేపు ఆలోచించింది. చివరికి చైర్మన్ గారి బామ్మర్ది కొడుకు రుత్విక్ దగ్గరివాడని తేలింది. ఎవరికి దగ్గర అన్నది బోర్డు రాయలేదు.

అదే సాయంత్రం ఆఫీసులోనే వీడ్కోలు సభ ఘనంగా జరిగింది. సీపీయూకు దండ వేశారు, శాలువా కప్పారు. శాలువాలు మా తమ్ముడి కొట్టువి. "బొగ్గు తట్ట పట్టకున్నా, ఎందరివో పొయ్యిలు వెలిగించిన కార్మికుడు" అని బుచ్చన్న గద్గదంగా మాట్లాడాడు. చైర్మన్ గారు తమ చేతులతో మీట నొక్కి పాత వెర్షన్‌ను తీసేశారు.

సభ అయిపోగానే, అంతసేపూ బల్ల మీదే ఆగిన సారవ్వ లేచి వేలిముద్ర వేసింది. పింఛన్ ప్యాకేజీ తెరుచుకోనే లేదు.

"నువ్వు బతికున్నవని మిషిన్ ఒప్పుకుంటలేదు అవ్వా" అన్నారు చైర్మన్ గారు.

"నీతోని మాట్లాడుతున్న గద బిడ్డా."

"మాట్లాడుడు వేరే ప్యాకేజీ."

"మరి నేను సచ్చినట్టయితే మందులెందుకు, మట్టి ఖర్చులన్న ఇయ్యిన్రి."

"దానికి గూడ నువ్వే వచ్చి వేలిముద్ర ఎయ్యాలె."

సారవ్వ మళ్లీ బల్ల మీద కూర్చుంది. మర్నాడు కూడా వచ్చింది. మందులు అయిపోవస్తున్నాయని, సగం మాత్రే మింగుతున్నానని ఎవాంజెలిన్‌తో చెప్పింది. ఆ మాట చైర్మన్ గారి హృదయాన్ని కలచివేసింది. ఆయన గౌరవ వేతనం కూడా అదే పింఛన్ ప్యాకేజీలోంచి రావాలని, అదీ ఆగిపోయిందని అదే పూట తెలియడం కేవలం కాకతాళీయం.

"జల్ది ఏమన్న చెయ్యి బిడ్డా" అన్నారు.

"పాతదాన్ని మళ్ల ఎక్కిస్తే చాలు సార్. కొత్తదాని పక్కకే ఉంటది."

"ఎట్ల ఎక్కిస్తవ్? కాయితాలల్ల అది అన్‌ఫిట్. దాని నౌకరి రుత్విక్‌కు ఇచ్చినం. ఉన్నదని తెలిస్తే పిల్లగాని నౌకరి పోతది."

గదిలో అందరూ తలలు పట్టుకున్నారు. ఇలాంటప్పుడే వ్యాపారి పనికొస్తాడు.

"సరుకు పాతదే ఉండనియ్యిన్రి. డబ్బా మీద పేరు మార్చున్రి" అన్నాను. "రుత్విక్ అని రాయిన్రి."

చైర్మన్ గారు ఎవాంజెలిన్ వైపు చూశారు. "నడుస్తదా?"

"అది ఉండే జాగకు ఏ పేరు పెట్టినా దానికి ఫికర్ లేదు సార్" అందామె. టీ చల్లారేలోగా పని ముగించింది.

సారవ్వ వేలు పెట్టింది. కాగితం బయటకు వచ్చింది. ఆమె బతికే ఉంది. కింద, ధ్రువీకరించినవారు: రుత్విక్.

"ఎవలు బిడ్డా ఈ పిల్లగాడు?" అంది సారవ్వ. "నా మొఖం గూడ సూడలే, బతికున్నదని రాసిండు. యేసయ్య తండ్రి సల్లగ సూడాలె."

ఏడాది తిరిగింది. ఇక లెక్క. సారవ్వకు పింఛను అందింది. బుచ్చన్న ఖాతాలో ఒక పోరాట విజయం చేరింది. ఒకే వెర్షన్ సాధించినందుకు చైర్మన్ గారికి రాజధానిలో సన్మానం జరిగింది. ఎవాంజెలిన్ కాంట్రాక్టు పొడిగించారు, రుత్విక్ కింద సహాయకురాలిగా. పేరు మార్చే సలహా ఇచ్చినందుకు నా కంప్యూటర్ల అద్దె పెంచారు. ఆదివారాలు, పండుగలు కూడా వదలకుండా, ఒక్క సెలవైనా పెట్టకుండా పనిచేసినందుకు రుత్విక్‌ను ఉత్తమ ఉద్యోగిగా ఎంపిక చేశారు.

అవార్డు ఇచ్చే రోజు ఉదయం కొత్త బండి మీద ఒక కుర్రవాడు మా కొట్టు ముందు ఆగాడు. ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్లద్దాలు.

"సేటూ, ఈ డిజిటల్ మండలి ఆఫీసు ఎటు దిక్కున్నది? నాకేదో అవార్డు ఇస్తరట."

దారి చూపించాను. లాభం లేకుండా నేను చేసిన పని ఈ మొత్తం వ్యవహారంలో అదొక్కటే.