బాన్ తలే నోయ్ వెళ్ళొచ్చిన కృష్ణప్రసాద్

మహమ్మారి విమానాలను ఆపింది, పెళ్ళిళ్ళను ఆపింది, మంగలి షాపులను కూడా ఆపింది గాని, సెలవు దరఖాస్తును మాత్రం ఆపలేకపోయింది. పరాయి దేశంలో, శాండీఫోర్డ్ అనే ఊళ్ళో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే కృష్ణప్రసాద్‌కు ఈ సత్యం 2020 నవంబరులో బోధపడింది.

అతను అడిగింది ఒక్కరోజు సెలవు. డిసెంబరు ఒకటిన, ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదన్న కట్టడి ఎత్తేస్తున్నారు. వాళ్ళ ఫ్లాటు నుంచి సముద్రం ఐదు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు. (ఆ నాలుగు వందల మీటర్ల దగ్గరే గార్డులు, అంటే అక్కడి పోలీసులు, నిలబడేవారు.) కేర్ హోంలో నర్సుగా చేస్తున్న భార్య చంద్రకళకు ఆరు వారాల తర్వాత ఆ ఒక్కరోజే డ్యూటీ లేదు. మచిలీపట్నంలో పుట్టిన మనిషి, ఎండాకాలమంతా డబుల్ డ్యూటీలు చేసి, ఏడాదిగా సముద్రం మొహం చూడలేదు.

"మీరూ రావాలండి. ఒక్కదాన్నే వెళ్తే ఏం బావుంటుంది?" అంది.

చిక్కు ఆఫీసు సెలవుల యాప్‌లో వచ్చింది. జనవరిలో అతను ఉత్సాహపడి, ఏడాది సెలవులన్నిటికీ 'గమ్యస్థానం' గడిలో థాయ్‌లాండ్ తీరంలోని బాన్ తలే నోయ్ అనే పల్లెటూరి జిల్లా పేరు నింపేశాడు. ఆ గడి మార్చే అధికారం సెలవుల సద్వినియోగాధికారి బాలశౌరికి కూడా లేదు.

"గ్రాండ్ అండీ, కంగారేం లేదు," అన్నాడు బాలశౌరి ఫోన్లో. "ఇంట్లో కూర్చునే వెళ్ళిరండి. ఆ జిల్లా భౌగోళిక స్వరూపం, చూడదగ్గ ప్రదేశాలు, ఒక రిపోర్టు ఇచ్చేయండి. వెళ్ళినట్టే లెక్క."

కృష్ణప్రసాద్ మూడు సాయంత్రాలు మ్యాపు మీద పడి తిరిగాడు. తూర్పున సముద్రం, పడమట కొబ్బరితోటలు, నడుమ ఉప్పుమడులు అని రాశాడు. మడ అడవిలో చెక్కవంతెన మీద (మౌసుతో) నడిచాడు. జాలర్లు గుడ్లున్న పీతలను తెచ్చి అప్పగిస్తే, పిల్లలయ్యేదాకా తొట్లలో ఉంచి సముద్రంలో వదిలే పీతల బ్యాంకుకు ఒక పేజీ కేటాయించాడు. డ్యూటీ నుంచి వచ్చిన చంద్రకళ, మాస్కు గీతలు పడ్డ మొహంతో పక్కన కూర్చుని ఫొటోలు చూసింది.

"ఉప్పుమడులు అచ్చం మా ఊరివే అన్నట్టున్నాయండి," అంది.

ఎలాగైనా ఆమెతో సముద్రానికి వెళ్ళి తీరాలనుకున్నాడు.

నవంబరు ముప్పైన బాలశౌరి ఫోన్ చేశాడు. రిపోర్టు అద్భుతం, సెలవు మంజూరు.

"అయితే సార్, మీరు విదేశం నుంచి తిరిగొచ్చినట్టు యాప్‌లో పడిపోయింది. పద్నాలుగు రోజులు ఇల్లు కదలకూడదు. గంటకో ఫొటో గదిలోంచి పెట్టండి. లేకపోతే సెలవు రద్దయిపోద్ది."

"నేనెక్కడికీ వెళ్ళలేదు కదండీ."

"ఆ మాట రాసిస్తే రిపోర్టు అబద్ధమైపోద్దండి."

మర్నాడు చంద్రకళ ఒక్కతే వెళ్ళింది. వీడియో కాల్ చేసి, ఫోను అలల వైపు తిప్పి, "ఎలా ఉందండీ?" అని అడిగింది.

కృష్ణప్రసాద్ గది ఫొటో పెట్టి వచ్చి, కాసేపు చూశాడు.

"బాగానే ఉంది," అన్నాడు. "బాన్ తలే నోయ్ చూసొచ్చిన కళ్ళకి ఆనట్లేదు."