దోరగా వేయించిన మట్టి

"ఈసారి కూడా ఏదో ఒక పొరపాటు జరిగి నీ పరువూ నా పరువూ కలిసే పోతాయే తల్లీ! లేచిందగ్గర్నుంచీ నా గుండె ఒకచోట లేదు."

కూతురు చెప్పులు వేసుకుంటూ నవ్వింది. "ఇంకా ఏమీ జరగలేదు కదమ్మా!"

"జరిగాక భయపడి ఏం లాభం?" అంది తల్లి.

ఆమె భయానికి కారణం లేకపోలేదు. కూతురి అత్తగారికి చెట్లంటే ప్రాణం. రాలిన ఆకును కూడా తొక్కకుండా తప్పుకుని నడిచే మనిషి. పెళ్ళయిన కొత్తలో పిల్ల ఆవిడకు పెద్ద పూలగుత్తి ఇస్తే, చేతిలోకి తీసుకుని, "పాపం, ఎంత బాగా పూశాయో, ఎవరో కోసేశారు" అన్నారట. తిట్టలేదు, విసుక్కోలేదు. తిట్టినా బాగుండేదని పిల్ల ఎన్నాళ్ళో కుమిలిపోయింది. ఈ సాయంత్రం ఆవిడ పుట్టినరోజు. ఆవిడ మొక్కల సంఘం వాళ్ళంతా వస్తారు. ఈ కానుక కూడా కుదరకపోతే, ఆ ఇంట్లో తను ఎప్పటికీ పూలు కోయించిన కోడలిగానే మిగిలిపోతానని దాని బెంగ.

"ఆఫీసు నుంచి ఇటే వస్తాను. ఈ బకెట్టు నీడలో ఉంచు. మూత మాత్రం తియ్యకు."

"ఏముందే అందులో?"

"అత్తయ్య చెట్లకి కావలసింది. చెప్తే గాభరా పడతావు."

ఆ మాట విన్నాక గాభరా పడకుండా ఉండటం ఎవరి తరం? కూతురి అడుగుల చప్పుడు మెట్ల మీద ఆగేసరికి తల్లి రిబ్బను విప్పి మూత తీసేసింది. నల్లటి మట్టి. బాగానే ఉందనుకునేలోపు ఆ మట్టి కదిలింది. గరిటె కాడతో కెలికితే గుప్పెడు వానపాములు మెలికలు తిరుగుతూ పైకొచ్చాయి.

"ఏమండీ! కొట్టువాడు పిల్లని మోసం చేశాడండీ! మట్టినిండా వానపాములే!"

భర్త పేపరు దించలేదు. "మట్టిలో కాక ఇంకెక్కడుంటాయి?"

"కానుకలో ఉంటాయా? అందరి ముందూ ఆవిడ చేతికి చుట్టుకుంటే? మీకేం, పేపరు అడ్డం పెట్టుకుంటారు. నేనేం పెట్టుకోను?"

పిల్లకి చెబితే ఆఫీసులోనే కూర్చుని ఏడుస్తుంది. చెప్పకుండానే చక్కబెట్టేయాలని ఆమె నడుం బిగించింది. పాత చెంచాతో ఒక్కొక్కదాన్నీ, "పో నాయనా, నీ దారిన నువ్వు పో" అని బతిమాలుతూ ఏరి, కింద మెట్ల దగ్గరున్న పూలకుండీల్లో వదిలిపెట్టింది. మట్టిని జల్లించింది. గుడ్లేమైనా మిగిలాయేమోనని అనుమానం వచ్చింది. అనుమానం వచ్చాక ఆగడం ఆమె వల్ల కాదు. పెద్ద బాణలి పొయ్యి మీద పెట్టి, మట్టినంతా విడతలు విడతలుగా దోరగా వేయించింది. ఇల్లంతా మాడువాసన కొడితే పైన కాస్త అత్తరు చల్లింది. చల్లారాక బకెట్టులో పోసి, మూత పెట్టి, రిబ్బను సర్దింది. ఎన్నాళ్ళకో ఆమెకు పగటిపూట హాయిగా కునుకు పట్టింది.

సాయంత్రం అత్తగారి హాలు కిటకిటలాడుతోంది. పిల్ల బకెట్టు తెచ్చి మధ్యలో పెట్టింది.

"అత్తయ్యా, ఇది ఎవరో కోసింది కాదు. ప్రాణమున్న కానుక. మీ చెట్లకి ఎరువు తయారుచేసి పెట్టే వానపాములు!"

అందరూ చప్పట్లు కొట్టారు. తల్లి చేతులు మాత్రం కలవబోయి గాల్లోనే ఆగిపోయాయి.

అత్తగారు మొహం పక్కకి తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు వేళ్ళు మట్టిలో పెట్టారు. కాసేపటికి ఒక కన్ను తెరిచారు. వేళ్ళు ఇంకాస్త లోపలికి దించారు. "ఏమీ తగలడం లేదే?"

సంఘం పెద్దాయన గుప్పెడు మట్టి తీసి వాసన చూశారు. నమ్మకం కుదరక మళ్ళీ చూశారు. "అమ్మాయ్, ఇది వేగినట్టుందే! పైగా అత్తరు..."

పిల్ల మొహం పాలిపోయింది. "నా కళ్ళముందే వేశాడు ఆ కొట్టువాడు! ఉండండి, ఇప్పుడే ఫోన్ చేసి కడిగేస్తాను."

తల్లికి ఒక్క క్షణం ఆశ పుట్టింది. నింద కొట్టువాడి మీదికి పోతే పోనీ. మరుక్షణం అలా ఆశపడ్డందుకు తల కొట్టేసినట్టయింది. అవతల ఫోను మోగుతోంది.

"పెట్టెయ్యవే," అంది. "నేనే. ఏరి మన కుండీల్లో వేశాను. బతికే ఉన్నాయి. మట్టిని... వేయించాను."

"వేయించావా!"

"దోరగానే."

ఎవరో నవ్వును దగ్గులోకి మార్చుకున్నారు. అడ్డం పెట్టుకోవడానికి పేపరు దొరక్క, భర్త గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు. భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది తల్లికి. కానీ అక్కడా వానపాములే ఉంటాయి.

"తప్పంతా నాది వదినగారూ. పిల్లకి ఏ పాపం తెలీదు. దాన్నేమీ అనకండి."

అత్తగారు వేళ్ళకంటిన మట్టి దులుపుకున్నారు. వెళ్ళి చేతులు కడుక్కొచ్చారు. అందరికీ టీ ఇచ్చారు. తల్లి చేతిలో కప్పు అలాగే చల్లారిపోయింది.

"రేపే ఇంకో బకెట్టు తెస్తాను అత్తయ్యా," అంది పిల్ల కళ్ళు తుడుచుకుంటూ. అత్తగారు ఖాళీ కప్పులు ఏరుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

అతిథులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ కూడా తల్లి తలెత్తలేదు. అప్పుడు అత్తగారు వెనకే వచ్చి, కోడలు వినేంత దగ్గర్లో లేదని చూసుకుని, ఆమె చెవి దగ్గరకు వంగారు.

"ఆరోజు పూల విషయంలో నోరు జారి దాని మనసు కష్టపెట్టాను వదినగారూ. అందుకే ఇవాళ కళ్ళు మూసుకునైనా చెయ్యి పెట్టాను. నాకు వానపాములంటే చచ్చేంత భయం. రేపు ఇంకో బకెట్టు తెస్తానంటోంది... మీరు ఆ బాణలి మాత్రం దాచెయ్యకండి."